ఆనేదో, జానేదో

పోయినవారం మీరు నన్ను కమ్యూనిటీ హాలు మెట్ల మీద వదిలి వెళ్లారు. చెప్పులు విడిచి లోపలికి పోవాలా, వేసుకునే పోవాలా అని నిలబడి ఉన్నాను. విడవలేదు. హాల్లో దేవుడి పటం ఉన్న మాట నిజమే. కానీ ఆ ఆదివారం లోపల జరగబోయే పనికి చెప్పులు విడిచేంత గౌరవం దండగ అనిపించింది.

మధ్యలో వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. నా పేరు సుజన. డిగ్రీ ఆఖరి సంవత్సరం. మొఘల్‌పురాలో మా గల్లీకి నవజ్యోతి యువజన సంఘమని ఒకటుంది. ప్రేమ్‌రాజ్ దానికి అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. మా బాపు ఆగయ్య అఫ్జల్‌గంజ్ హోల్‌సేల్ దుకాణాలకు సరుకు మోసే డీసీఎం బండి నడుపుతాడు. ఏటా మా గల్లీ వినాయకుడు ఆ బండి మీదే వస్తాడు. గల్లీ ఇరుకు, బండి తిరగదు, అందుకని మొదట్నుంచీ వెనక్కే రావాలి. ఈ ఏడు కూడా వచ్చింది. రావలసిన దానికంటే ఎక్కువ వచ్చింది. మండపం ఇనుప గుంజకు బోల్టు బిగిస్తున్న డానియేలన్న బండికీ గుంజకూ మధ్య నలిగిపోయాడు. సంతోష్‌నగర్ వెల్డింగు షాపు నుంచి ఏటా వచ్చి మా దేవుడికి ఇల్లు కట్టి పోయే మనిషి. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇంకా నోట మాట రాలేదు.

బాపే ఆయన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఆ తర్వాత పోలీసులు బాపును స్టేషన్లో కూర్చోబెట్టి, అడగాల్సింది అడిగి, సోమవారం మళ్లీ రమ్మని పంపారు. సాక్షులు కూడా సోమవారమే రావాలి. వాళ్లు ఏం చెబితే కేసు అదే.

నేనేం చెప్పాలో నాకు తెలుసు. బండి కదలడానికి ముందు మైకులో "ఆనేదో" అన్న ప్రేమన్న గొంతు నేను చెవులారా విన్నాను. మా దగ్గర బండి వెనక్కి తీసేటప్పుడు "ఆనేదో, ఆనేదో" అంటారు, రానియ్యమని. ఆపాలంటే "బస్". పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన మాటలివి. ఏటా ఆ మాట అనే పని ప్రేమన్నదే. మండపం పక్కన అరుగు మీద నిలబడి, బండిని జాన జాన లెక్కన దగ్గరుండి తెచ్చుకునేవాడు. ఈసారి ఎవరో పెద్దమనిషి అతిథిగా వచ్చాడు. ప్రేమన్న గల్లీ మొదట్లో వేదిక మీద, ఆయన పక్కన, మెడలో దండతో ఉన్నాడు. అక్కడి నుంచే, వెనక ఎవరున్నారో చూడకుండా, మైకులో అరిచాడు.

ఇదంతా చెప్పేద్దామనే మెట్లెక్కాను. లోపలికి నడిచాను.

హాలు నిండా మనుషులు. పెద్ద కుర్చీలో కైలాసం సేటు. మా గల్లీ పెద్ద, బాపు బండి సగం రోజులు ఆయన సరుకే మోస్తుంది. ముందు వరసలో డానియేలన్న భార్య సోనీ అక్క కూర్చుంది. ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చినట్టుంది, జుట్టు కూడా దువ్వుకోలేదు. బాపు మాత్రం కుర్చీలో లేడు. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు కాబోలు.

అనలేదని అంటే అన్యాయం. ప్రేమన్న అన్నాడు. తనే చాయ్ గ్లాసు తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. "కాకా, కూసో, చాయ్ తాగు. ఫికర్ చెయ్యకు, నేనున్న కదా," అన్నాడు. ఆ "నేనున్న" అనే మాటకు మా గల్లీలో సగం మంది పడిపోయారు. నేను అందరికంటే ముందు పడ్డాను. పోయినేడు కాలేజీలో 'మంచి నాయకుడు' అని ఉపన్యాస పోటీ పెడితే ప్రేమన్న గురించే చెప్పాను. నాయకుడంటే అందరికంటే ముందు నిలబడేవాడు అన్నాను. కప్పు ఇచ్చారు. మా ఇంట్లో టీవీ పక్కన ఇంకా ఉంది. దాని మీద దుమ్ము పడితే అమ్మ కొంగుతో తుడుస్తుంది. నాకేమో దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది.

కైలాసం సేటు గొంతు సవరించుకున్నాడు.

"లొల్లి వద్దు. రేపు ఎస్సై సాబ్ ముంగట అందరం ఒక్కటే మాట చెప్పాలె. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్తే మొత్తం గల్లీ ఇజ్జత్ పోతది. ఏమంటవ్ ప్రేమ్‌రాజ్?"

ప్రేమన్న లేచాడు. ముందుగా సోనీ అక్కకు దండం పెట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడిగా ఉన్నాయి. అదే నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి.

"అక్కా, డానియేలు నాకు అన్నలెక్క. నేను మైకుల ఆనేదో అన్ననని గల్లీల మాట నడుస్తుంది. నా మీద ఒట్టు, నేను ఆనేదో అనలే. జానేదో అన్న."

హాలు ఒక్క క్షణం ఆలోచించింది.

"సారు స్టేజి దిగిండు. జనం మీద మీద పడుతున్నరు. జానేదో, జానేదో, సారును పోనియ్యిండ్రి అన్న. మీ అందరికి తెలుసు, నా నోట్లె ఆ మాట ఎట్ల ఉంటదో."

తెలుసు. తెలియకేం! జానేదో ఆయన ఊతపదం. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకున్నా జానేదో భాయ్, ఎవడి బండి ఎవడికి తగిలినా జానేదో, ఎవరి పిల్లను ఎవడు ఏడిపించినా జానేదో. పోనీలే, వదిలెయ్, మనం మనం. ఆ మాటతో ఎన్ని గొడవలు ఆపాడో. దేన్ని ఆపాడో, దేన్ని కప్పాడో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ మాట పక్కాగా పనికొచ్చింది. తలలు ఊగడం మొదలైంది. అవునవును, జానేదో అనే ఉంటాడు. నా పక్కనున్న ఆమె కూడా అంది, ఆ రోజు నా చెవి దగ్గరే "ఎందుకు గట్ల ఆనేదో అని తొందర పెడుతుండు" అని విసుక్కున్న ఆమె!

"మరి బండి ఎందుకు కదిలింది?" అని సేటు అడిగాడు. అడగమని ముందే చెప్పి ఉంచినట్టు అడిగాడు.

"కాకా తప్పు లేదు సేట్. కాకా చెవి తప్పు." ప్రేమన్న గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ పోయినేటి ఫ్లెక్సీ వేలాడుతోంది. ఉచిత చెవి మిషన్ల క్యాంపు. బొమ్మలో ప్రేమన్న నవ్వుతూ మా బాపు చెవికి మిషన్ తగిలిస్తున్నాడు. "నేనే ఇప్పిచ్చిన. కాకా, మిషన్ ఏది? ఆ రోజు పెట్టుకున్నవా?"

చివరి మాటను చేత్తో చెవి చూపించి అడిగాడు. బాపు చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, చొక్కా జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పాడు. అందులో ఉంది మిషన్. పెట్టుకోలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"చూసిండ్రా?" అన్నాడు ప్రేమన్న, చాలా బాధగా.

అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఆయనకు జనం ముందు ఏదైనా చేసి చూపించడమంటే మహా ఇష్టం.

"కాకా, జర గోడ దిక్కు తిరుగు. నేను ఎనకకెల్లి మాట అంట. నీకేమి వినబడితే అది చెప్పు."

బాపు ఆయన పెదాలు చూసి అర్థం చేసుకుని తిరిగాడు. యాభై అయిదేళ్ల మనిషి, బడిలో దండన పడ్డ పిల్లాడిలా, గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. చొక్కా వెనక ఇస్త్రీ లేదు. పొద్దున నేనే చేస్తానని చేయలేదు.

"గుంజ," అన్నాడు ప్రేమన్న.

బాపు కాసేపు ఆగాడు. "గంజా?" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"బస్తా."

"ఆఁ... రాస్తా."

ఈసారి హాలంతా నవ్వింది. వర్షం పడితే ఇదే బాపు బండి ముందు సీట్లో ఇరుక్కుని కాలేజీకి పోయే పోరగాళ్లు కూడా చేతులు చరుచుకుని నవ్వారు. సేటు కూడా మీసం చాటున నవ్వాడు. సోనీ అక్క మాత్రం నవ్వలేదు. ఆమె బాపు వీపును చూస్తూ ఉంది.

"జానేదో," అన్నాడు ప్రేమన్న.

"ఆనేదో," అన్నాడు బాపు.

ముందు రెండు మాటలకూ తడుముకున్న మనిషి దీనికి టక్కున జవాబు చెప్పాడు. అప్పుడు నాకది తట్టలేదు. కోపంలో ఉంటే నాకేదీ తట్టదు.

"అయిపోయింది సేట్," అని ప్రేమన్న చేతులు దులుపుకున్నాడు. "ముసలాయన, పాపం. రేపు స్టేషన్ల ఇదే చెప్దాం. మిషన్ పెట్టుకోలే, మాట తప్పు విన్నడు. జైలంటే జైలు, కొన్ని నెలలు. ఇల్లు నేను చూసుకుంట. జానేదో."

నేను లేచాను.

"ప్రేమన్నా, ఒక మాట."

ఆయన నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వులో జంకు లేదు. మైకు తెచ్చి నా చేతికే ఇచ్చాడు. "మా సెక్రటరీ! కప్పు గెలిచిన పిల్ల. మాట్లాడు సుజనా, నువ్వు కాకపోతే ఎవరు మాట్లాడ్తరు?"

మైకు చల్లగా ఉంది. నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"మా బాపుకు వినబడదు. ఒప్పుకుంటున్న. ఇప్పుడు మీరందరు నవ్వి మరీ చూసిండ్రు. మరి గట్లయితే నాకు ఒక్కటి చెప్పుండ్రి. గోడకాడ, ఇంత దగ్గర, గుంజ అంటే వినబడని మనిషికి, ఇంజను మోత నడుమ, గల్లీ ఆ కొసకెల్లి మైకుల అన్న మాట వినబడుతదా? ఆనేదో అన్నా వినబడదు, జానేదో అన్నా వినబడదు. మరి బండి ఎట్ల కదిలింది?"

నవ్వులు ఆగాయి.

"బండ్లె కూసుంటే మిషన్ కీచుమంటది, అందుకే తీసి జేబుల పెట్టుకుంటడు. ఇది ప్రేమన్నకు కూడా తెలుసు. బాపు మాట విని బండి తియ్యడు. కుడి అద్దంల చెయ్యి చూసి తీస్తడు. చెయ్యి రమ్మంటే వస్తడు, అరచెయ్యి చూపిస్తే ఆగుతడు. ఏటా గట్లనే వచ్చిండు దేవుడు. అరుగు మీద, అద్దంల కనబడే జాగల నిలబడి చెయ్యి ఊపేది ఎవరు? చెప్పుండ్రి!"

అందరూ ఒక్కడినే చూశారు.

"కాలేజీల నేను నాయకుడంటే ముంగట నిలబడేటోడని చెప్పిన. అడ్డగోలుగ చెప్పిన. బండి ఎనకకొచ్చేటప్పుడు నాయకుడు ఎనక నిలబడాలె. నలిగితే ముందు తనే నలిగే జాగల నిలబడాలె. నువ్వు యాడున్నవ్ అన్నా ఆ రోజు? దండ వేసుకుని యాడున్నవ్?"

వెనక వరసలోంచి నాగమణమ్మ ముసలిది "శెబాష్ బిడ్డా!" అని అరిచింది. చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఒకరిద్దరు, తర్వాత బాపును చూసి నవ్విన పోరగాళ్లే, గట్టిగా, ఈలలు వేస్తూ. ప్రేమన్న ముఖంలో రంగు దిగిపోయింది. అబద్ధమెందుకు, నాకు హాయిగా ఉంది. చప్పట్లు నా కోసమే అని తెలుస్తుంటే ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది. ప్రేమన్న ఆ హాల్లో ఏళ్లకేళ్లు ఏం తిని బతికాడో కూడా తెలిసింది.

చాలించి కూర్చోవలసింది. కూర్చోలేదు. ఇంకా కావాలనిపించింది.

బాపు దగ్గరికి నడిచాను. ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడు, ఎవరూ ఇటు తిరగమనలేదు కదా. భుజం పట్టి తిప్పాను. చేతిలోని రుమాల్లోంచి మిషన్ తీసి, నేనే, ఆ ఫ్లెక్సీలో ప్రేమన్న పెట్టినట్టే, అందరూ చూస్తుండగా ఆయన చెవికి పెట్టాను.

"బాపు, వినబడుతుందా?"

తల ఊపాడు.

"భయపడకు. ఆ రోజు అద్దంల ఎవ్వల చెయ్యి చూసినవ్? చెప్పు. అందరి ముంగట చెప్పు."

"తప్పు నాదే బిడ్డా. ఇంటికి పోదాం పా."

స్టేషన్లో కూడా ఇదే మాట. ఇంట్లో కూడా ఇదే. అన్నం ముందు కూర్చుని కూడా తప్పు నాదే. నాకు విసుగొచ్చింది. ప్రేమన్నకు భయపడి చస్తున్నాడు, ఇంత పిరికితనం ఏంటి అనుకున్నాను.

"నీది గాదు! ఎవరిదో చెప్పు!" మైకులో అరిచాను. మిషన్ కీచుమని ఉంటుంది, ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇన్నొద్దులు తల వంచుకుని బతికినవ్, చాలదా? ఒక్కసారన్న తల లేపు బాపు. పేరు చెప్పు!"

"వద్దు బిడ్డా." గొంతు బాగా తగ్గించి అన్నాడు. "ఊకో. నీ కాళ్లు మొక్కుత."

కన్నతండ్రి చేత అందరి ముందు ఆ మాట అనిపించాను. అయినా మైకు ఆయన నోటి దగ్గర నుంచి తీయలేదు.

ప్రేమన్న ఈ పక్క నుంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు. నన్ను చూశాడు, బాపును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఈసారి నా ముఖం కాదు, మైకు పట్టుకున్న చెయ్యి చూశాడు. మెల్లగా, దిగిపోయిన రంగంతా తిరిగి ఎక్కింది. వచ్చి బాపు ముందు వంగి, ఎంతో మర్యాదగా, ప్రతి మాటా విడదీసి అడిగాడు.

"కాకా, బిడ్డ గింతగనం అడుగుతుంది, చెప్పు. నీకు యాదికి వస్తలేదేమో, నేను సాయం చేస్త. అద్దంల కనబడ్డ చేతికి కడియం ఉండెనా?" తన కుడిచేతి స్టీలు కడియం పైకి చూపించాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు: "గాజులుండెనా?"

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ రోజు వలంటీర్లలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. పొద్దున అమ్మ పట్టుకుని, పండుగ పూట బోడి చేతులేందే అని, మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు తొడిగింది, ఇప్పటికీ తీయలేదు. ప్రేమన్న వేదిక మీద ఉన్నాడు కాబట్టి అరుగు ఖాళీగా ఉంది. ఎత్తుగా ఉంటుంది, అన్నీ కనబడతాయి అని నేను ఎక్కాను. దేవుడి ముఖం చూద్దామని పిల్లలు మండపం ముందుకు దూసుకొస్తున్నారు. బండి కింద పడతారని నా ప్రాణం పోయింది. చెయ్యి పైకెత్తి ఊపాను. రాండ్రి, ఇట్రాండ్రి, నా దిక్కు రాండ్రి. పిల్లలు వచ్చారు.

బాపు కూడా వచ్చాడు.

అద్దంలో కూతురి చెయ్యి కనబడింది. కూతురు రమ్మంటే ఇంకేం చూసుకోవాలి? మైకులో ప్రేమన్న ఏమన్నాడో ఆయనకు ఈ జన్మలో తెలియదు. తప్పు నాదే, తప్పు నాదే అని అన్నం ముందు కూర్చుని ఎందుకు అన్నాడో, తప్పు చెవి మీదికి పోతే చేతి మాట రాదని, ఆనేదో అని గోడతో అంత తొందరగా ఎందుకు చెప్పాడో, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. మైకు కిందికి జారింది.

బాపు నన్ను చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. అప్పుడు ఆయన తల ఎత్తాడు. నేను ఎత్తమన్నానుగా!

"తాగిన," అన్నాడు గట్టిగా.

"ఏంది?" అన్నాడు సేటు.

"తాగి నడిపిన సేట్. పొద్దుగాలనే తాగిన. అద్దం చూడలే, చెయ్యి చూడలే, ఎవ్వలను చూడలే. కాలు ఒత్తిన, బండి పోయింది. గంతే."

పెళ్లిళ్లలో కల్లు పోస్తే కూడా కుండ పక్క వాళ్లకు జరిపేసే మనిషి. కానీ ఆ రోజు ఆసుపత్రి హడావుడిలో ఎవరూ ఆయన నోట్లో గొట్టం పెట్టి ఊదించలేదు. ఇప్పుడు అబద్ధమని ఎవరు తేల్చగలరు? తేల్చాలని ఎవరికుంది?

హాలు ఒక్కసారిగా లేచింది. థూ నీ బతుకు! దేవుని బండి తాగి నడుపుతవా! నా కోసం ఈలలు వేసిన నోళ్లతోనే తిట్టారు. నాగమణమ్మ రెండు చేతులా శాపనార్థాలు పెట్టింది. కైలాసం సేటు, "రేపటి సంది నా సరుకు ముట్టకు" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. ఎవడో వెనక నుంచి బాపు మెడ మీద చేత్తో నెట్టాడు. బాపు పడకుండా గోడ పట్టుకున్నాడు. నేను? నేను నిలబడి చూశాను. మైకు చేతిలో ఉంది. నోట్లో నాలుక ఉంది. కదల్లేదు.

సోనీ అక్క లేచి వచ్చింది. అందరూ దారి ఇచ్చారు. బాపు ముందు నిలబడి, కాసేపు ఆయన్నే చూసి, చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. చెవి మిషన్ ఊడి కింద పడింది. ఎవరి చెప్పో దాని మీద పడి పటుక్కుమంది. బాపు ఆమెకు రెండు చేతులెత్తి మొక్కాడు. తర్వాత ఎవరినీ చూడకుండా తలుపు వైపు నడిచాడు.

ప్రేమన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అందరూ చూస్తే ఓదారుస్తున్నాడనుకుంటారు, నా తల మీద చెయ్యి కూడా పెట్టాడు.

"ఆ రోజే చూసిన నిన్ను అరుగు మీద," అన్నాడు మెల్లగా. "చేతులూపుతుంటే ఎందుకో అనుకున్న. ఇప్పుడు నీ బాపు ముఖం చూస్తే సమజైంది. నాయకుడు ఎట్లుండాల్నో మస్తు చెప్పినవ్ గద. నేనొకటి చెప్త, విను. ఎప్పుడు నోరు మూసుకోవాల్నో తెలిసినోడే నాయకుడు. నీ బాపుకు తెలుసు. నువ్వు కూడా నేర్చుకో. వచ్చే ఏడు నేను పెద్ద పదవికి పోత, ఈ సంఘం నీదే. చప్పట్లు మంచిగనే కొట్టిచ్చుకుంటవ్." నా తల నిమిరాడు. "జానేదో."

ఆయన అటు పోయాడో లేదో సోనీ అక్క వచ్చింది. ఇందాక బాపును కొట్టిన చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుంది. మైకు ఇంకా నా కుడిచేతిలోనే ఉంది, దాంతో సహా పట్టుకుంది.

"చెల్లే," అంది. నా ఎడమచెయ్యి ఎత్తి కళ్లకు అద్దుకుంది. గాజులు ఆమె చెంపకు తగిలాయి. కన్నీళ్లు నా మణికట్టు మీదుగా కారుతున్నాయి. "ఇంతమంది ఉన్నరు, ఒక్కరు నోరు తెరవలే. కన్నతండ్రి అని కూడా చూడకుండ మా ఆయన కోసం నిలదీసినవ్. ఇద్దరు పిల్లలు నాకు. పెద్దయినంక చెప్త వాళ్లకు, సుజన అక్క లెక్క కావాలె అని చెప్త."

కొట్టినా బాగుండేది. బాపును కొట్టినట్టు నన్నూ కొడితే ఎంత బాగుండేది! ఆమె మాత్రం నా చేతిని ముద్దు పెట్టుకుంది. ఆ చేతినే.

ఊరుకుంటే సరిపోతుంది. బాపు తనంతట తానే పోతున్నాడు. ప్రేమన్న చెప్పడు, ఆయనకు నేను పనికొస్తాను. డానియేలన్నకు ఏం గుర్తుందో ఎవరికి తెలుసు? సోనీ అక్క పిల్లలు నన్ను చూసి నేర్చుకుంటారు. సంఘం నాది. ఇంకో కప్పు కూడా వస్తుందేమో. ఊరుకుంటే చాలు.

"గాజులుండె, అక్కా," అన్నాను.

"ఏంది?"

"అద్దంల బాపు చూసిన చేతికి... గాజులుండె. ఆయన తాగలే. ఎన్నడు తాగలే. పిల్లలు బండి కింద పడుతరని నేను చెయ్యి ఊపి పిలిచిన. బాపు నన్ను చూసి వచ్చిండు."

సోనీ అక్కకే చెప్పాననుకున్నాను. మైకు ఆన్‌లోనే ఉంది. నా మాట హాలు నాలుగు మూలలా తిరిగి నా దగ్గరికే వచ్చింది. తిట్లు ఆగిపోయాయి. కుర్చీలు జరుపుతున్నవాళ్లు ఆగిపోయారు. సేటుతో నవ్వుతూ మాట్లాడుతున్న ప్రేమన్న, ముఖంలో నవ్వు అలాగే ఉండగా, నా వైపు తిరిగాడు.

ఆ హాల్లో వినని మనిషి ఒక్కడే. బాపు గుమ్మంలో వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. వేసుకుని లేచాడు. అందరూ నన్నే చూస్తున్నారని చూశాడు, ఎందుకో ఆయనకు తెలియదు. గండం గడిచిందనుకున్నాడు. బిడ్డ దక్కిందనుకున్నాడు. చెంప ఎర్రగా కమిలి ఉన్నా నన్ను చూసి చిన్నగా నవ్వాడు. చెయ్యి పైకెత్తి ఊపాడు, రా బిడ్డా, ఇంటికి పోదాం రా అని.

నేను ఒక అడుగు వేశాను. మణికట్టు దగ్గర ఏదో పటుక్కుమంది. చూస్తే గాజు విరిగింది. సోనీ అక్క ఏడుపు ఆగిపోయింది. ఆమె నా చెయ్యి వదల్లేదు.